నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా

జర్మనీలోని బ్రేమెన్‌లో ఆ శనివారం పొద్దున భార్య వంటింట్లో నిలబడి, వచ్చిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కాఫీ పోస్తున్న భర్త తలెత్తాడు.

"ఎవరు రాశారు?"

"ప్రభుత్వం వాళ్లు. మా పాటల బృందంలో ఎన్నో అనే అతను ఉన్నాడు కదా? అతని మీద ఏదో అనుమానమట. అతనితో మాట్లాడతానని నా ఫోన్ మీద కూడా నిఘా పెట్టారట. ఏమీ దొరకలేదు, కేసు మూసేశాం, చట్టప్రకారం ఇప్పుడు మీకు తెలియజేస్తున్నామంటున్నారు."

"పోనీలే! మన దగ్గర దాచుకోడానికి ఏముంది గనక?"

"నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నా మెసేజ్‌లన్నీ చదివారు."

"అయితే ఏమైంది?"

"అప్పుడు మా అక్కకి రోజూ రాసేదాన్ని. నిన్ను వదిలి వెళ్లిపోతానని. అద్దెకి గది కూడా చూసుకున్నాను."

భర్త కాఫీ పాత్ర కింద పెట్టేశాడు.

"నాకు చెప్పనేలేదు."

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలా, అసలు చెప్పొద్దా అని నాలో నేనే తేల్చుకోవాలనుకున్నాను. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాడెవడో నీకన్నా ముందే తెలుసుకున్నాడు. ఇక నీ దగ్గర దాచడం నావల్ల కాదు."

"మరి ఎందుకు వెళ్లలేదు?"

"అది మాత్రం ఎవరికీ రాయలేదు. కూర్చో, నీకు చెప్తాను."