కొడుకు మొహం

నెబ్రాస్కాలోని తన వంటింట్లో, డెబ్బై దాటిన ఆవిడ డిటెక్టివ్‌కి కాఫీ పోసి, చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన 'పై' ముక్క ముందుకు జరిపింది.

"పూర్వీకుల్ని వెతికే సైటుకి డీఎన్ఏ పరీక్షకి మీ ఉమ్మి పంపారు కదా, మేడమ్. పోలీసులు చూసుకోవచ్చని కూడా ఒప్పుకున్నారు."

"అన్నిటికీ ఒప్పుకున్నాను బాబూ. ఎంతమంది చూస్తే నా కొడుకు అంత త్వరగా దొరుకుతాడని. పదహారేళ్లకే కన్నాను. మొహమైనా చూపించకుండా ఎవరికో పెంపకానికి ఇచ్చేశారు."

"టెక్సస్‌లోని డీఎన్ఏ ల్యాబ్‌లో పోలిక కలిసింది. తల్లీకొడుకుల పోలిక."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఒమాహాలో బస్సు నడుపుతాడు."

"మరి ఆ మొహం అలా పెట్టావేంటయ్యా? ఆ ముక్క తిను."

అతను ముక్క ముట్టుకోలేదు. "ముప్పై ఏళ్ల కిందట లొరెట్టా హావెల్కా అనే నర్సుని ఎవరో గొంతు నులిమి చంపారు. ఆమె గోళ్లలో ఇరుక్కున్న చర్మాన్నే ల్యాబ్‌కి పంపాం. అది మీ అబ్బాయిది. పొద్దున్నే అరెస్టు చేశాం. పేపర్లో చదివేలోపు మీకు చెప్పాలని వచ్చాను."

ఆవిడ కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నా వల్లే దొరికాడా?"

"అవును, మేడమ్."

"వాడికి తెలుసా?"

"కోర్టులో తెలుస్తుంది."

"ఫొటో ఉందా?"

"స్టేషన్లో తీసిందే ఉంది. వద్దులెండి."

"ఇవ్వవయ్యా."

చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది.

"మా నాన్న చెవులు," అంది. "ఆ నర్సుకి తల్లి ఉందా?"

"ఉంది. ముందు ఆవిడ దగ్గరికే వెళ్లాను."

"ఇదే చూపించావా?"

"ఇదే."

"ఏమంది?"

"'ఇన్నేళ్లకి వీడి మొహం చూశాను' అంది."