మెయిన్ ఆపేసినాక

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఇనప రేకులు నొక్కే ఒక చిన్న ప్రెస్సు షాపు. నిన్న మూడో నంబరు ప్రెస్సులో ఆపరేటర్ ముత్తురాజ్ రెండు వేళ్ళు పోయాయి. ఆ వెంటనే మేనేజర్ రఘురామ్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఈ ఉదయం ఆ మెషీన్ కంప్యూటర్ ముందు టెక్నీషియన్ జనని కూర్చుంది. రఘురామ్‌కు కూర్చోబుద్ధి కాలేదు.

“పోయిందని రాసెయ్యమంటున్నాను జననీ. కరెంటు పోయింది, లాగ్ పోయింది. అంతే కదా.”

“కరెంటు పోలేదు సార్. మీరు ఆపినారు.”

“మనిషి చెయ్యి ఇరుక్కుంటే ఆపనా?”

“చెయ్యి బైటికి తీసినాక ఆపినారు.”

“సరే. ఎలా ఆగినా, రికార్డు సగంలో చెడిపోయుంటుంది.”

“చెడిపోదు. ఈ సిస్టం ఏది రాయాలన్నా ముందు జర్నల్ అని ఒక పక్కన రాసుకుంటాది సార్. పూర్తయితే అయిందని గుర్తు పెట్టుకుంటాది. ఆ తర్వాతే అసలు ఫైల్లోకి ఎక్కిస్తాది. మధ్యలో ఆగిపోయిందనుకోండి, మళ్ళా ఆన్ చేస్తానే ఆ జర్నల్ చదువుకుంటాది. ఆ గుర్తు ఉండేదాన్ని ఎక్కిస్తాది, లేనిదాన్ని పారేస్తాది.”

“మనది పారేసే ఉంటుంది.”

“ఏమో. చూస్తే తెలుస్తాది గదా.”

“చూడొద్దంటున్నా.”

“ఆన్ చేసేసినా సార్.”

“జననీ, మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. రిపోర్టు టైపు చేసి ఉంది. చెయ్యి అడ్డమొస్తే ప్రెస్సును ఆపే సెన్సార్‌ని ముత్తురాజే ఆపుకున్నాడు, తొందరపడ్డాడు అని. నువ్వు సంతకం పెడితే చాలు.”

“ఆయన ఆపలేదు.”

“నీకెందుకమ్మా ఈ తలనొప్పి?”

“పదారేండ్లు ఆ ప్రెస్సు ముందర నిలబడినోడు సార్. తన వేళ్ళు తనే పోగొట్టుకున్నాడని రాస్తే నేను పెట్టను.”

“ఉద్యోగం పోతుంది.”

“పోనీండి.”

“ఆపెయ్. నా మాట విను, ఆపెయ్.”

“వచ్చేసింది సార్. ఇదో, తొమ్మిదీ పదికి సెన్సార్ ఆఫ్. తొమ్మిదీ పద్నాలుగుకి దెబ్బ. ఆఖరి లైను ఒకటే లేదు, అది సగంలో ఆగినట్టుండాది.”

“ఆపినవాళ్ళ పేరు చూశావా?”

“ఆమా. చూసినా.”

“పిచ్చిదానా, నేను మెయిన్ ఆపింది ఎవరికోసం అనుకున్నావ్? అందులో నా పేరు ఎక్కడా లేదు. సెన్సార్ ఆపింది నీ లాగిన్‌తో.”

“తెలుసు సార్. నేనే ఆపినా. ఆ మాట పొద్దున్నే ఆస్పత్రికి పోయి ముత్తురాజన్నకి చెప్పినా. సెన్సార్ ఆపమని నాకు చెప్పింది ఎవురని అడిగినాడు. అదీ చెప్పే వచ్చినా.”