కర్రోనికి నేర్పని మాట

"అవ్వా, నా కుక్కపిల్ల బండ్లెంటబడి ఉరుకుతాండాది. మీ పెద్దకుక్క చేత నువ్వెట్ల మాన్పిస్తివి?"

మా కర్రోని సంగతా? కూకో, చెప్తా. మీ తాత కుందుర్పికి పోయి, కాదు కాదు, రాయదుర్గం సంతకు పోయి తెచ్చినాడు దాన్ని. టవాల్లో చుట్టుకొని తెచ్చిన పిల్ల, యాడాది తిరిగేసరికి దూడంత అయిపాయ. నల్లగ ఉండాదని కర్రోడంటిమి. ఆ యేడు చెనక్కాయ ఎండిపోయింది, వానల్లేవు కదప్పా, ఇల్లు నడిచేది ఇరవై గొర్రెల మీదనే. కుక్క మంచిదే, ఏం చేస్తావు, ఉరికేదాన్ని చూస్తే దానికి నిలబడబుద్ధి కాదు. సైకిలు పోతే సైకిలెంట, గొర్రె ఉరికితే గొర్రెంట.

ఒగనాడు పక్కచేని ఓబులేసు సూడిగొర్రెను తరిమింది. అది వంకలో రాళ్ల మీద పడి సచ్చిపాయ. ఆ కాలంలో పన్నెండు నూర్ల గొర్రె. ఓబులేసు చెడ్డోడు కాదు, మా చిన్నమ్మ కొడుకే, నా పెండ్లికి మూడు దినాలు నీళ్లు మోసినోడు. వాకిట్లోకొచ్చి నిదానంగా చెప్పినాడు. "అక్కా, ఇంగోసారి తరిమితే సంగట్లో మందు కలిపి పెడ్తా. మనసులో పెట్టుకోవద్దు." వాడు అన్నాడంటే చేస్తాడు.

మీ తాత దాని మెడకు గుదికట్టె కట్టినాడు, పారిపోయే ఎద్దుకు కట్టినట్ల, ఉరికితే మోకాళ్లకు తగల్లని. మోకాళ్లు పుండ్లయినాయి గాని ఉరికేది మానలే. నేనే విప్పేసి, తాడు ఒగ కొస దానికి, ఒగ కొస నా నడుముకు కట్టుకొని గొర్రెలెంట పోతాంటి. అది లాగిందంటే "వద్దు" అని గట్టిగ అరిచి నేలమీద కూలబడతాంటి. ఎన్నిసార్లు ఈడ్చిందో, ఈ మోచెయ్యి చూడు. గొర్రెల నడుమ పండుకుంటేనే సంగటిముద్ద. నాలుగు నెలలు పట్టె. ఆఖరికి తాడు ల్యాకుండానే, నేను అరిస్తే చాలు, యాడుంటే ఆడ్నే పండుకుంటాండె. ఓబులేసు కూడా దాని తల నిమిరి పోయినాడు. నాకు గర్వమే, చెప్పకేం.

ఆ ఎండకాలమే, మిట్టమధ్యానం, తోడేలు వచ్చింది. మా గొర్రెపిల్లను నోట కరుచుకుంది. కర్రోడు లేసి నిలబడినాడు, ఒళ్లంతా వణుకుతాండాది, నా మొగం చూసినాడు. "పట్టు, పట్టు" అని నేను అరిస్తి. పండుకున్నాడప్పా. నా అరుపంటే దానికి ఒగటే అర్థం. నేను ఇంగా గట్టిగ అరిస్తి, అది ఇంగా నేలకతుక్కపాయ. తోడేలు గుట్టెక్కి పోయింది.

మీ తాత కట్టె ఎత్తినాడు. నేను అడ్డం పడి, "దాన్ని కొట్టాకు, అది నా మాటే విన్నది" అంటి. ఆ పొద్దు అది సంగటి ముట్టలే, నేనూ ముట్టలే. గొర్రెపిల్ల పోయిందని కాదురా. అది నా మొగం చూసి అడిగింది, నేను జవాబు చెప్పల్యాకపోతి.

వద్దనేది నేర్పు నాయనా, ల్యాకుంటే బండి కింద పడి సస్తాది. పో అనేది కూడా నేర్పు. అరవాకుండా, మెల్లగ, తల నిమురుతా నేర్పు. సల్లంగుండు నాయనా... పో, అది నీకోసం వాకిట్లో చూస్తాంటాది...