ఫెస్టీకి ఒక్క కుక్క చాలు

గురువారం గొర్రెల సంత. వాన వల్ల వేలం ఆలస్యమైంది. మేయో కొండల మీంచి దిగొచ్చిన వాళ్లలో సగం మంది సంత పక్కనున్న అట్రాక్టా టీ కొట్టులో దూరారు.

కిటికీ పక్క బల్ల దగ్గర డీలియా రువేన్ కూర్చుంది. భర్త పోయాక క్రోబాన్ కొండ మీద నూటపాతిక గొర్రెల్ని ఒక్కతే చూసుకుంటోంది. ఈ ఏడు గొర్రెలు ఈనడం మొదలై పది రోజులైంది. ఆ పది రోజుల్లో తొమ్మిది పిల్లల్ని నక్క ఎత్తుకుపోయింది. రేపు ఇంకో నలభై చూడి గొర్రెల్ని పై బీడులోకి తోలాలి. ఈలోగా నక్కను పట్టే మనిషినెవర్నో కొండ మీదికి రానివ్వాలి. ఎవర్ని రానివ్వాలన్నదే తేల్చుకోలేకపోతోంది. కొత్త కుక్క ఒక్కటి వెంట పరిగెడితేనే చూడి గొర్రెలు బెదిరి నెలలు నిండకుండానే ఈచుకుపోతాయి. ఇక రెండు కుక్కలంటే ఆమెకి నిద్ర పట్టదు.

ఆ సంగతి ఫెస్టీ గాలగర్‌కి బాగా తెలుసు. అందుకే ఎవరూ పిలవకుండానే ఆమెకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని లర్చర్ క్వీనీ బల్ల కింద చేరింది. గ్రేహౌండ్ కాళ్లు, గొర్రెల కుక్క బుర్ర కలిసి పుట్టిన జాతి. మూలన మలాకీ డఫీ గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు. అతని మోస్ కూడా లర్చరే గానీ ముసలిది, ఒక చెవి సగమే మిగిలింది. కొండ మీదికి రానిమ్మని మలాకీ డీలియాని అడగలేదు. అతను ఎవర్నీ ఏమీ అడగడు.

“ఒక్క కుక్క చాలమ్మా డీలియా,” అన్నాడు ఫెస్టీ. “రెండో కుక్కని తీసుకెళ్లేవాడెవడో తెలుసా? మొదటి కుక్క మీద నమ్మకం లేనివాడు. ఒకటి మళ్లించాలి, ఇంకోటి పట్టాలి అంటారు. మా క్వీనీ రెండు పనులూ తనే చేసుకుంటుంది. మొన్న మంగళవారం సంగతే చూడండి. పెద్ద విశేషమేం కాదు, చెప్పుకోదగ్గదీ కాదు.”

“అయితే చెప్పకు,” అంది అట్రాక్టా బల్ల తుడుస్తూ.

“నేను చెప్పకపోతే రేపు ఇంకెవడో తప్పుగా చెప్తాడు తల్లీ. నిజం పాడైపోతుంది. సరే, మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి మా బావమరిది బీడులో ఉన్నాను, డీలియా ఇంటికి ఎదురు వాలు మీద. తుంగలోంచి లేచింది నక్క. ఇంత తోక, కొసన తెలుపు. ఇంకోడైతే వెంటనే కుక్కని వదిలేసేవాడే. నేను వదల్లేదు. గట్టు పక్కనున్నప్పుడు వదిలామా, గిరుక్కున తిరిగి పొదలో దూరుతుంది. బీడు నడిమికి రానిచ్చి, అప్పుడు పట్టీ జార్చాను.”

“గాలి ఎటు నుంచి వీస్తోంది?” అడిగింది డీలియా.

“పడమటి నుంచి. ఎందుకు?”

“ఊరికే. తెలుసుకుందామని.” ఆమె రొట్టె అంచు తుంచి బల్ల కిందికి అందించింది. క్వీనీ మెత్తగా అందుకుంది.

“చూస్తుండగానే క్వీనీ నక్క పక్కకి చేరిపోయింది. భుజంతో అలా ఒరిగిందో లేదో, నక్క మళ్లింది. మళ్లీ చేరింది, మళ్లీ మళ్లించింది.”

“మొత్తం ఎన్నిసార్లు?”

“మూడు. రాతిగోడ దగ్గరొకటి, ముళ్లచెట్టు దగ్గరొకటి, గేటు దగ్గరొకటి.”

“మూడే,” అంది డీలియా తనలో తాను సరిచూసుకుంటున్నట్టు. “గేటు దగ్గరే మూడోది. ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడే పట్టేయొచ్చు. ఎవరి కుక్కైనా పట్టేస్తుంది, అందులో గొప్పేముంది? మా క్వీనీ పెద్ద మనసు చేసుకుని నక్కకి ఇంకో అవకాశం ఇచ్చింది. ఇక కొండ చుట్టూ తిరగడం మొదలెట్టాయి చూడండి, ఒక చుట్టు, రెండు, ఇరవై! మంగళవారం వాన పడింది గదా? క్వీనీ ఎంత వేగంగా పోతోందంటే, చినుకు వీపు మీద పడదామని వచ్చేసరికి అక్కడ వీపు లేదు. దానికి పడాల్సిన చినుకులన్నీ వెనకున్న నా మీద పడ్డాయి. ఇద్దరి వానకీ నేనొక్కణ్ణే తడిశాను.”

“అందుకేనా బుధవారమంతా తుమ్ముతూనే ఉన్నావు?” అన్నాడు వెనక బల్ల మీంచి ఒకాయన.

“చూశారా, సాక్ష్యం దానంతటదే వస్తోంది! నలభయ్యో చుట్టుకి గడ్డి అరిగి రాయి తేలింది. ఎవరు కబురు పెట్టారో గానీ రోడ్డు పనివాళ్లు దిగారు. దీని మీద తారు పోయాలా, కంకర పోయాలా అని నా ముందే వాదులాడుకున్నారు.”

“ఆ రోడ్డేదీ మరి? రోజూ అటే వస్తాను, నాకు కనపళ్లేదే?” అంది అట్రాక్టా.

“ఇంకా మంజూరు కాలేదు.”

కొట్టంతా నవ్వింది. డీలియా నవ్వలేదు. బల్ల మీదికి ఒరిగి, “తర్వాత?” అంది చిన్నపిల్ల కథ వింటున్నట్టు.

ఫెస్టీకి ఊపొచ్చింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు.

“నక్కకి తెలిసొచ్చింది, కొండ మీదైతే దొరికిపోతానని. ఊళ్లోకి దిగింది. సరిగ్గా అప్పుడే చర్చిలోంచి కాన్ డఫీ పెద్దాయన్ని శవపేటికలో మోసుకొస్తున్నారు. ఆయన ఆత్మకి శాంతి కలగాలి, నలభై ఏళ్లు లర్చర్లని పెంచిన మనిషి. మోసేవాళ్ల కాళ్ల సందులోంచి నక్క పోయింది, దాని వెనకే క్వీనీ. ఫాదర్ ప్రార్థన ఆపేశారు. ఆడవాళ్లు ఏడుపు ఆపేశారు. పేటిక మూత ఇంత పైకి లేచింది. పెద్దాయన తల బయటపెట్టి, ‘ఎడమ పక్క కాయండ్రా వెధవల్లారా, కంచెలో సందుంది!’ అని కేకేసి, మళ్లీ పడుకుని మూత తనే వేసుకున్నాడు.”

మూలనుంచి మలాకీ నోరు తెరిచాడు. ఆ పూట అదే మొదటిసారి.

“మా పెదనాన్నని పూడ్చింది బుధవారం.”

అందరూ ఫెస్టీ వైపు తిరిగారు. అతను నింపాదిగా ఒక గుక్క టీ తాగాడు.

“కాదన్నానా? పరుగు మంగళవారం మొదలైందన్నాను. మంగళవారమే అయిపోయిందన్నానా? రాత్రంతా పరిగెత్తి బుధవారానికి ఊరు చేరాయి. మంచిపని చేశావు మలాకీ, రోజు గుర్తుచేశావు.”

“అమ్మో, వీడి నాలిక!” అంది అట్రాక్టా.

“ఊరు దాటితే ఇంకేముంది, సముద్రం. నక్క దూకింది, వెనకే క్వీనీ దూకింది. ద్వీపం వైపు రెండు తలలు పోతూ పోతూ చుక్కలైపోయాయి. మూడు గంటలు ఒడ్డున నిలబడ్డాను. నా సాండ్‌విచ్ తిన్నాను. దిగులుకొద్దీ క్వీనీది కూడా తిన్నాను. అప్పుడొచ్చిందమ్మా పెద్ద అల ఒకటి! అల మీద క్వీనీ. క్వీనీ నోట్లో నక్క. నక్క నోట్లో సాల్మన్ చేప. చేప నోట్లో...”

“చేప నోట్లో?” అన్నారు ముగ్గురు ఒకేసారి.

“వద్దులే. మీరు నమ్మేలా లేరు.”

నవ్వులు సద్దుమణిగేదాకా డీలియా ఆగింది. నక్కని పట్టినవాళ్లు దాని తోక తెచ్చి గొర్రెలవాళ్లకి చూపించడం ఆ కొండల్లో రివాజు. ఆమె అదే అడిగింది.

“తోకేది ఫెస్టీ?”

“పెద్దాయన పేటికలో ఉంది. పూడ్చేముందు చెయ్యి బయటపెట్టి అడిగాడు. పోయినవాణ్ణి కాదనగలనా?”

“ఇప్పటిదాకా ఇలా ఒంటరిగా ఎన్నింటిని పట్టుంటుంది?”

“మూడొందలకి తక్కువుండవు.”

“పట్టినప్పుడు నక్క ఎదురు కరవదా? నాకు తెలీకే అడుగుతున్నా. మా ఆయనుంటే ఆయన్నే అడిగేదాన్ని.”

“కరవకేం! మెడ తిప్పి మూతి మీదే కరుస్తుంది. సూదుల్లాంటి పళ్లు. ప్రతి నక్కా కరిచింది. మూడొందల నక్కలు, మూడొందల కాట్లు. మా క్వీనీ ఒక్కసారైనా వదిలిందా? అబ్బే!”

డీలియా మిగిలిన రొట్టె ముక్క ఒళ్లో పెట్టుకుని చిటిక వేసింది. బల్ల కిందనుంచి క్వీనీ తల పైకొచ్చి ఆమె ఒళ్లో వాలింది. ఆమె ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కిటికీ వెలుతురులోకి తిప్పింది.

నక్కల్ని పట్టే కుక్క మూతి ఎలా ఉంటుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. మలాకీ కాళ్ల దగ్గరున్న మోస్ మూతే చాలు. పెదవి రెండుచోట్ల చీలి అతుక్కుంది. ముక్కు మీద తెల్లటి మచ్చలు ఒకదాని మీదొకటి పడి వెంట్రుకే మొలవదు. క్వీనీ మొహం మాత్రం పెళ్లికూతురి మొహంలా ఉంది.

డీలియా కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. “ఉండు, ఇక్కడొకటుంది. ముక్కు పక్కన, సన్నగా.”

“చెప్పానా!” ఫెస్టీకి ప్రాణం లేచొచ్చింది. “మంగళవారం నాటిదే అది!”

“ఇది మా పిల్లి పెట్టింది ఫెస్టీ. ఆదివారం నువ్వు టీకి వచ్చినప్పుడు. నేనే గదా పసుపుపచ్చ మందు రాశాను.”

కప్పులు ఎగిరిపడేలా నవ్వారు. ఎవరో బల్ల మీద కొట్టారు. ఫెస్టీ కూడా నవ్వబోయాడు గానీ డీలియా ఇంకా మాట్లాడుతోంది. గొంతు పెంచకుండా, కుక్క చెవి నిమురుతూ.

“మంగళవారం నేను గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూశాను. మూడుసార్లు మళ్లించింది, నువ్వు చెప్పినట్టే. అంత చక్కగా మళ్లించే కుక్కని మా ఆయన పోయాక నేను చూడలేదు. చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గేటు దగ్గర నక్క ఆగింది. నీ కుక్కా ఆగింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నీ కుక్క తోకాడించింది. నక్క గేటు కింద నుంచి దూరి నా కొండెక్కింది. బుధవారం పొద్దున్న తొమ్మిదో పిల్ల పోయింది.”

ఎవరూ నవ్వలేదు.

ఫెస్టీ కూర్చున్నాడు.

“పిల్లగా ఉన్నప్పుడు దీని తల్లిని నక్క కరవడం చూసింది,” అన్నాడు. ఆ గొంతు అంతకుముందు ఆ కొట్టులో ఎవరూ విని ఉండరు. “అప్పట్నుంచీ గజం దూరంలో ఆగిపోతుంది. నేనేం చెయ్యను? ఆ మాట చెప్తే దీన్ని ఏ కొండ మీదికి రానిస్తారు? పరిగెత్తకపోతే ఇది బతకదమ్మా.”

డీలియా మూలకి తిరిగింది.

“మలాకీ, మోస్ పట్టుకుంటుందా ఇంకా?”

“దగ్గరికొస్తే వదలదు,” అన్నాడు మలాకీ. “వెంటపడి మళ్లించే కాళ్లు దానికి లేవు. అందుకే నేను అడగలేదు.”

ఆమె కిటికీలోంచి వానకేసి చాలాసేపు చూసింది. నలభై చూడి గొర్రెలు, రెండు కుక్కలు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది, చెరిపేసి మళ్లీ పెట్టుకుంది.

“గొర్రెల్ని రెండ్రోజులు కొట్టంలోనే ఉంచి ఎండుగడ్డి వేస్తాను,” అంది చివరికి. “బీడు ఖాళీగా ఉంటుంది. రేపు తెల్లవారగానే ఇద్దరూ రండి. క్వీనీ మళ్లిస్తుంది. గేటు దగ్గర మోస్ ఉంటుంది. నా గొర్రెపిల్ల ఒక్కటి బెదిరినా ఇద్దర్నీ కొండ దింపేస్తాను.”

“రెండు కుక్కలా?” అన్నాడు ఫెస్టీ నీరసంగా.

“రెండే. నీ నోటిని కూడా తెస్తే మూడవుతాయి. దాన్ని ఇంట్లో కట్టేసి రా.”

*

తర్వాతి గురువారం వాన లేదు. అట్రాక్టా కిటికీ గట్టు మీద కొసన తెల్లటి తోక ఒకటి ఆరుతోంది. డీలియా పోగొట్టుకున్న పిల్లల లెక్క తొమ్మిది దగ్గరే ఆగింది. క్వీనీ, మోస్ ఒకే బల్ల కింద పడుకున్నాయి. క్వీనీ మొహం మీద కొత్త గీత ఒక్కటీ లేదు.

సంతకొచ్చిన వాళ్లంతా కుర్చీలు దగ్గరికి లాక్కుని ఫెస్టీ చుట్టూ చేరారు.

“నన్నడగకండి,” అన్నాడు ఫెస్టీ, రొట్టెకి వెన్న రాసుకుంటూ. “పట్టింది వాడి కుక్క. వాణ్ణే చెప్పమనండి.”

అందరూ మూల వైపు తిరిగారు. మలాకీ ఎర్రబడ్డాడు. కప్పు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“పెద్ద విశేషమేం కాదు,” అన్నాడు. “ఆ పొద్దున్న మోస్‌కి కొంచెం జలుబు. అదొక తుమ్ము తుమ్మేసరికి, కొండ మీద పొగమంచంతా...”

ఫెస్టీ రొట్టె పక్కన పెట్టి ముందుకి ఒరిగాడు.

“గాలి ఎటు నుంచి వీస్తోంది మలాకీ?” అన్నాడు. “ఊరికే. తెలుసుకుందామని.”