రేపటి పెట్రోలు

దసరా నాడు వనపర్తిలో వెంకట్రాములు బ్యాటరీల షాపులో పేలుడయింది. పండుగ వెళ్లాక ఆయన కూతురు చంద్రకళ, షాపులో పనిచేసే సాయన్న ఇంటికి పోయింది. కంటికి కట్టుతో కూర్చున్న ఆయన ముందు తలెత్తలేకపోయింది.

“అట్ల గడపల్నే నిలవడ్డవేంది బిడ్డా? లోపటికి రా, కూసో.”

“వద్దు కాకా. ఈడనే ఉంట.”

“మీ నాయిన పంపిండా?”

“లే. నేనొచ్చినట్టు నాయినకు తెల్వదు.”

“ఇంక కోపం మీదనే ఉన్నడా?”

“గా ముచ్చటొద్దు కాకా. కన్నెట్లుంది?”

“కర్నూలుల డాక్టరు చూసిండు. ఆసిడ్ లోపటి దాక పోయిందట. ఈ కంటి మీద ఆశ వెట్టుకోకన్నడు. పోనీ, ఇంకోటున్నది గద. నీకేం గాలే, అదే పదివేలు. నీకేమన్న అయ్యుంటే నేనేం మొఖం వెట్టుకొని బతుకుదు?”

“కాకా, జర ఆగు...”

“లే బిడ్డా, చెప్పనియ్యి. తప్పు నాదే. బీడీ తాగిన. దాంతోనే పేలిందని మీ నాయిన బజార్ల అందరి ముందట అంటుంటే తల దించుకున్న. ఏమంట? నిజమే గద.”

“నువ్వు లోపట తాగలే.”

“గుమ్మం కాడ పారేసిన. అయినా ఏ నిప్పురవ్వ అంగికంటుకొని లోపటికొచ్చిందో.”

“రాలే.”

“నీకెట్ల తెల్సు? సరే గని, పాలిటెక్నిక్‌ల సదువుతున్నవ్ గద, ఒక్కటి చెప్పు. బ్యాటరీ అట్లెట్ల పేల్తది? ఆసిడ్ మండదు, నీళ్లు మండవు. పండుకుంటే అదే యాదికొస్తుంది.”

“ఆసిడ్ గాదు కాకా. చార్జింగ్ వెడితే బుడగలు లేస్తయి జూడు...”

“లేస్తయి. ఉడికినట్టు.”

“గా బుడగల్లనే ఉంటది. హైడ్రోజన్ అంటరు. నీళ్లల్ల ఉండేదే. కరెంటు వారితే ఇడిపోయి బయటికొస్తది. రంగు లేదు, వాసన లేదు. గదిల నిండిందంటే చిన్న మంట చాలు.”

“అబ్బ! అంత పాపిష్టిదా?”

“పాపిష్టిది గాదు. బొగ్గు, పెట్రోలు ఎప్పటికుంటయి? రేపు దీంతోనే బస్సులు నడుపుతరట. పొగ రాదు. ఎండతోని కరెంటు తీసి, నీళ్లను ఇడగొట్టి, ఈ గ్యాసును దాసుకోవచ్చట. మండితే మళ్ల నీళ్లే అయితది.”

“నీళ్లేనా? ఇన్నేండ్లు దాని పక్కనే కూసొని పనిజేస్తి, తెల్వకపాయె. మరి ఇన్నేండ్లు ఎందుకు పేలలే?”

“తలుపులు తెరిచుంటుండె. అది తేలిక, బయటికి పోతుండె. దసరా నాడు షట్టర్ దించిరి గద.”

“పూజకు ఏటేట దించుతం. హారతి ఆరొద్దని ఫ్యాన్ గూడ బంద్ జేస్తం. అవు గని... ఏటా చార్జింగ్ గూడ ఆపుతుంటిమి. ఈసారి పండ్గకు కరెంటు పోయినా టీవీలు చూస్తమని ఊర్లోల్లు బ్యాటరీలు కుప్ప వోసిరి, ఆపనేలే.”

“అవ్.”

“అంటే... నిప్పు...”

“హారతిది కాకా. బీడీది గాదు.”

“హారతి వట్టింది...”

“నేనే. నాయిన పళ్లెం చేతిల వెడితే వద్దనలే. బ్యాటరీల మీదికి వంగి తిప్పిన. ఒకటి ఫట్‌మనంగనే నువ్వు నన్ను ఎనుకకు గుంజి అడ్డమొచ్చినవ్. రెండోది నీ మొఖం మీద పేలింది.”

“ఏదో, గా యాల్లకు...”

“నాయిన బీడీ అన్నప్పుడు పక్కనే ఉన్న. నోరు మెదపలే. అందరు నిన్ను తిడుతుంటే ఇంట్ల అన్నం తింటున్న కాకా. సిగ్గయితుంది. సచ్చిపోయేంత సిగ్గయితుంది.”

“ఊకో, గట్ల మాట్లాడకు. చిన్నపిల్లవు. మీ నాయిన గూడ పరేషాన్ల ఏదో అన్నడు. నువ్వు తెల్వక జేసినవ్. ఇప్పుడు మీ సారును అడిగి తెల్సుకున్నవ్. తెల్వనోల్లను ఏమంటం బిడ్డా?”

“సారును అడగలే.”

“మరి?”

“దసరా సెలవులకు ముందే, హైడ్రోజన్ మీద మాట్లాడి కాలేజీల మొదటి బహుమతి తెచ్చుకున్న. చార్జింగ్ కాడ మంట వెట్టొద్దని స్టేజీ మీద నేనే చెప్పిన కాకా.”