ప్రయోంగ్ కూర్చున్న కుర్చీ

ప్రయోంగ్. అప్పటికి యాభై రెండేళ్ళు. నిలబడే అన్నం తినేది. నువ్వు అడిగేది ఆమె గురించే కదా? ఆఫీసు గోడమీద ఫొటోలో గవర్నరుగారి భార్య పక్కన ఉన్నావిడ? ఆమే. పిల్లలందరూ చాపలమీద కూర్చుని తింటుంటే, వంటింటి కిటికీ దగ్గర నిలబడి జిగురన్నం ముద్ద చేసుకుని, వెదురుకొమ్ముల కూరలో అద్దుకుని తినేది. "కూర్చోవే అక్కా" అంటే "మా ఆయన బతికున్నప్పుడు కూర్చోనివ్వలేదు, ఇప్పుడు కాళ్ళకి అలవాటు తప్పింది" అనేది. నవ్వుతూ కాదు, ఉత్తినే అనేది. నువ్వు నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరావు, నీకిదంతా కొత్త. ఆ పూలబుట్ట ఇటు జరుపు, మాట్లాడుతూ తుంచుతాను.

నేను కుట్టుపని నేర్పేదాన్ని. ప్రయోంగ్ పిల్లల పడకగదులు చూసుకునేది. మాది నేరం చేశారని పంపిన ఆడపిల్లల శిక్షణ గృహం, ఏటికి అవతల మగపిల్లలది. వాళ్ళకి మోటారు రిపేరు నేర్పేవాళ్ళు, వీళ్ళకి బొత్తాం కాజాలు. ఎవరి బొత్తాలనుకున్నావు? వాళ్ళ చొక్కాలవే. అక్కడ మోటారుసైకిలు దొంగిలించినవాడిని చూడ్డానికి తల్లి మూటలు కట్టుకొచ్చి ఏడ్చి వెళ్ళేది. ఇక్కడ ఇంట్లోంచి పారిపోయిన పిల్లని చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. పారిపోవడం కూడా నేరమే అప్పట్లో, ఆడపిల్లయితే. పెద్దల ముందునుంచి నడుం వంచి ఎలా నడవాలో నేర్పడానికి ఒక టీచరమ్మ ఉండేది. జీతం నాకంటే ఎక్కువ. సరే, అది వేరే కథ.

లమ్యై అని ఒక పిల్ల వచ్చింది. పదిహేనేళ్ళు. బొప్పాయికాయ పచ్చడి దంచే కర్ర రోకలితో మారుతండ్రి చెయ్యి చితక్కొట్టింది. వేళ్ళు విరిగాయి. పోలీసులు ఆ వేళ్ళ గురించి ఎంతో రాసుకున్నారు. ఆ చెయ్యి ఆ వేళ ఎక్కడుందో మాత్రం ఒక్కడూ అడగలేదు. "పెంచినవాడిమీద చెయ్యెత్తింది, కృతజ్ఞత లేని పిల్ల" అని పంపించేశారు. తల్లి ఏమందంటావా? ఏమంటుంది? ఆయన బియ్యం మిల్లులోనే ఆమె కూలి కూడా.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, విడిచిపెట్టాల్సిన పిల్లల్ని నీళ్ళ పండుగనాడు విడిచిపెట్టేవాళ్ళు. ఏ ఇంట్లోనైనా సొంగ్‌క్రాన్‌కి, అంటే ఆ కొత్త సంవత్సరం పండుగకి, చేసేదే. పెద్దలు కుర్చీల్లో కూర్చుని చేతులు చాపుతారు, పిల్లలు మోకాళ్ళమీద వచ్చి మల్లెపూలు వేసిన నీళ్ళు ఆ చేతులమీద పోసి తప్పులు క్షమించమంటారు. పెద్దలు దీవించి మణికట్టుకి దారం కడతారు. మా డైరెక్టరుగారు దాన్నే విడుదలకి షరతు చేసేశారు. నీళ్ళు పోస్తే ఇంటికి. పొయ్యకపోతే పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఇక్కడే.

లమ్యై "అమ్మకి పోస్తాను. ఆయనకి పొయ్యను" అంది.

డైరెక్టరుగారు పిలిపించారు. చెడ్డవాడు కాదు పాపం, చొక్కా నలగకూడదంతే ఆయనకి. "చూడు పాపా, అమ్మ ఒక కుర్చీ, నాన్న ఒక కుర్చీ. సగం క్షమాపణ ఎక్కడైనా ఉంటుందా?" అన్నారు. ఇక్కడో ముడి ఉంది చూడు. పోస్తే ఎక్కడికి వెళ్తుంది? ఆయనింటికే. అదీ మేం ఇచ్చే స్వేచ్ఛ.

ఆ సాయంత్రం ప్రయోంగ్ దుప్పట్లు మడతపెడుతూ ఆ పిల్లనడిగింది, "నీకేం కావాలే?" అని. అన్నాళ్ళలో ఆ పిల్లని ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. లమ్యై "ఆ ఇల్లొద్దు, ఇక్కడా వద్దు. మీ ఇంట్లో గిన్నెలు కడుగుతా" అంది. ప్రయోంగ్‌కి సంత వెనకాల రెండు గదుల ఇల్లు. పిల్లాజెల్లా లేరు. వెళ్ళి డైరెక్టరుగారిని అడిగింది. "తల్లి బతికుండగా పరాయిదానికి అప్పజెప్పడమేమిటమ్మా? ఏ కాయితం ఒప్పుకుంటుంది?" అన్నారు. ఈమె చేతులు జోడించి వచ్చేసింది.

పండుగొచ్చింది. ఆ ఏడు గవర్నరుగారి భార్య వచ్చింది, అదీ మొదటిసారి. ఎండ మాడిపోతోంది. అందరం పూలచొక్కాలే, ఎవరు నౌకరో ఎవరు అమ్మో తెలియదు. లమ్యై తల్లి కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ ఆయనది. ఆయన గేటు దగ్గర పోలీసాయనతో సిగరెట్టు కాలుస్తూ, కట్టిన చెయ్యి అందరికీ కనిపించేలా పట్టుకుని నిలబడ్డాడు. ఎన్నడో అతుక్కున్న వేళ్ళకి ఆ రోజు మళ్ళీ కట్టు కట్టుకొచ్చాడు, చూశావా!

డప్పు మోగింది. పిల్లలు మోకాళ్ళమీద వరసగా బయల్దేరారు. అప్పుడు ప్రయోంగ్ నా పక్కనుంచి తిన్నగా నడిచివెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. నేనామె కూర్చోగా చూడ్డం అదే మొదలు. తల్లి ఓరగా చూసింది. నడుముకి చుట్టుకున్న బట్ట అంచు కొంచెం తనవైపు లాక్కుని చోటిచ్చింది. ఎందుకిచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, అది నా కుర్చీ."

"ఇవాళ మోకాళ్ళు పీకేస్తున్నాయి తమ్ముడూ. కాస్త ఓర్చుకో."

లమ్యై వచ్చేసింది. తల్లి చేతులమీద పోసింది. తల్లికి దీవెన నోటికి రాలేదు, పెదాలు కదిలాయంతే. తర్వాత ప్రయోంగ్ చేతులమీద గిన్నెడూ కుమ్మరించింది. ఈమె గట్టిగా దీవించింది, అవతలి ఒడ్డుకి వినపడేట్టు. అంతలో గవర్నరుగారి భార్య వెనకనుంచి వచ్చి, "నువ్వేనా అమ్మవి? పిల్లది అచ్చం నీ నుదురే" అని, లమ్యై చెయ్యి తీసి ప్రయోంగ్ చేతిలో పెట్టి, రెండు చేతులూ కలిపి దారం కట్టేసింది. "ఇంటికి తీసుకుపో. బాగా చూసుకో." ఫొటో తీశారు.

డైరెక్టరుగారి మొహం చూడాలి! పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు, చెమటలు కారిపోతున్నాయి. అమ్మగారూ, మీరు పొరబడ్డారండీ అని అంతమంది ముందు చెప్పే మగాడు మా జిల్లాలో పుట్టలేదు. మారుతండ్రి "అదికాదండీ..." అని నోరు తెరిచేసరికి, డైరెక్టరుగారు ఆయన మోచెయ్యి పట్టుకుని "రండి రండి, చల్లగా సోడా తాగుదురుగాని" అని లాక్కుపోయారు. మర్నాడు ఫొటో పేపర్లో పడింది, కింద "తల్లి ఒడికి చేరిన కూతురు" అని. ఇంక ఆ తప్పు దిద్దితే గవర్నరుగారి భార్య పరువు పోతుంది. ఏ కాయితం ఒప్పుకోదన్నారే, అది ఆయనే రాసి, ఆయనే ముద్రేసి ప్రయోంగ్ ఇంటికి పంపారు. మరుసటేడు నుంచి ప్రతి కుర్చీకీ పేరు రాసి అంటించారు. ప్రయోంగ్‌ని చాకిరేవు గదికి మార్చారు, ఆర్నెల్లకి ఆమే మానేసి ఇంటిముందే నూడుల్స్ బండి పెట్టుకుని నాలుగు బల్లలు వేసింది.

తల్లా? అదీ అడుగుతావని తెలుసు. రెండేళ్ళకి వచ్చింది, ఒక గుడ్డసంచీ పట్టుకుని, మొహం వాచిపోయి. నేనప్పుడు ఆ బండి దగ్గరే ఉన్నాను. ప్రయోంగ్ లోపలికి తిరిగి "ఏమంటావే?" అనడిగింది. లమ్యై ముల్లంగి తరుగుతోంది. తలెత్తకుండానే అడ్డంగా ఊపింది. తల్లి కదా, పాపం కదా అని నేనే నోరు తెరవబోయాను. ప్రయోంగ్ నావంక చూసింది, మూసుకున్నాను.

గిన్నెడు నూడుల్స్ పట్టుకెళ్ళి గుమ్మం బయట ఆమె చేతికిచ్చింది. ఆవిడ నిలబడే తింది. పక్కనే బల్లలు ఖాళీగా ఉన్నాయి. ప్రయోంగ్ కూర్చోమనలేదు.