వెనక అర్రలోకి బొమ్మ

(ములకలపల్లి, 2009 వానకాలం. ఫారెస్ట్ వాచర్ బొజ్జయ్య కిరాయికుండే ఇల్లు. ముందర అర్రలో ఆయన, టీవీ మెకానిక్ కోటేష్. వెనక అర్రలో తుంటి విరిగి మంచం పట్టిన ఆయన భార్య చిన్నక్క.)

"ఈయాల వద్దు కోటేషూ. ఇంకోనాడు రా."

"సగం పని అయిపాయె మామా. అత్త మంచం ముంగట చిన్న టీవీ పెట్టి, బొమ్మ అందుకునే డబ్బా అక్కడి ప్లగ్గుల గుచ్చొచ్చిన. ఈ టీవీ బొమ్మ పంపే రెండో డబ్బా ఇక్కడ గుచ్చుడే. గోడకు బొక్క కొట్టే పని లేదు, ఇంటాయనతోని మాటవడే పని లేదు. బొమ్మ మీ కరెంటు వైర్లల్ల నుంచే పోతది."

"ఆమె అక్కడ వేరే ఛానల్ పెట్టుకోవచ్చునా?"

"ఉహూ. నువ్విక్కడ ఏది పెడితే అక్కడ అదే వస్తది. నువ్వు వార్తలు చూస్తే అత్త గూడ వార్తలే చూడాలె."

"అయితే వద్దు. తీసెయ్."

"రెండు నెలల సంది అడుగుతున్నది గద మామా, పొద్దంత గోడ దిక్కు చూసుకుంట పండలేకపోతున్ననని. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె?"

"వైర్లు పాతవి, పనిచెయ్యలేదని చెప్పు."

"వైర్లు మంచిగనే ఉన్నయ్. ఏందో చెప్పరాదు. పొద్దున్నుంచి ఏం తిన్నట్టు గూడ లేవు."

"మెల్లగ మాట్లాడు. గోదావరిల లాంచి మునిగింది."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగూకే యాళ్లకు. దాంట్ల మా శారద ఉన్నది. అవతలి ఒడ్డు ఊళ్లల్ల పిల్లలకు టీకాలేసి మళ్లొస్తున్నదట. పొద్దున ఆమె తోటి నర్సు ఫోన్ చేసింది. పదకొండు మందిని ఒడ్డుకు తెచ్చిన్రట. అండ్ల మా బిడ్డ లేదట. ఇంక దేవులాడుతున్నరట."

"పోదాం పా మామా. నా బండి ఉన్నది."

"యాడికి పోతం? వాగు రోడ్డు మీదికెక్కింది, పొద్దున పోయి చూసొచ్చిన. నర్సు ఫోన్ గూడ ఇప్పుడు కలుస్తలేదు. నాకున్నది ఈ టీవీ ఒక్కటే. దొరికినోళ్ల పేర్లు అడుగున వేస్తున్నరు."

"మరి అత్తకు?"

"తెల్వదు. బిడ్డ ఫోన్ చెయ్యలేదేందని ఒక్కసారి అడిగింది. వానకు సిగ్నల్ లేదన్న. మళ్ల అడగలే."

"ఎంతసేపు దాస్తవు?"

"చెప్దామనే రెండుసార్లు దర్వాజ దాక పోయిన. మొఖం చూసినంక నోరు రాలే. మంచినీళ్లు కావాల్నా అని అడిగి మళ్లొచ్చిన. ఆమె లేవలేదు, ఉరకలేదు, కనీసం బయటికొచ్చి నలుగురిల ఏడ్వలేదు. అట్ల పండుకున్న మనిషికి ఎట్ల చెప్పుదు?"

"సరే మామా. డబ్బాలు తీసేస్త. పనిచెయ్యలేదని అత్తకు నేనే చెప్త."

(వెనక అర్ర నుంచి)

"తియ్యకు కోటేషూ. ఆ రెండోది గూడ గుచ్చు. పొద్దున ఆయన ఫోన్ల మాట్లాడింది మొత్తం ఇన్న నేను. నోటితోని చెప్పలేడని తెలిసే, పక్కింటి హేమ్లితోని నీకు జల్దీ రమ్మని కబురంపిన. ఏమయ్యా, నువ్విట్ల వచ్చి నా పక్కన కూసో. నాకు చదువు రాదు, ఆ పేర్లు నువ్వే చదవాలె."